జీపు మరిగినప్పుడు

శృంగవరపుకోట దాటి అరకు పోవు మార్గమున, అనంతగిరి ఘాటు మలుపులలో, ఒక వేసవి మధ్యాహ్నమున మా జీపు మరిగి నిలిచిపోయినది. బండిలో మా తల్లిగారును, ఇద్దరు పిల్లలును ఉండిరి. ముందుభాగమునుండి ఆవిరి బుసకొట్టుచుండెను. మా పెద్దవాడు సాయపడు తలంపుతో గుడ్డ చేతబట్టి, రేడియేటరు మూత విప్పబోయెను. చేయి పట్టి వెనుకకు లాగితిమి. ఒక్క క్షణమాలస్యమైయున్నచో ఏమగునో తలచుకొన్న ఇప్పటికిని గుండె ఝల్లుమనును. ఈ ప్రసంగమునకు ఆ క్షణమే కారణము.

మూత బిగిసియున్నంతవరకు లోపలి నీరు ఒత్తిడికి లోబడి, 100 డిగ్రీలు మించినను మరుగక నిలుచును. మూత తీసినంతనే ఒత్తిడి తొలగి, ఆ మండుచున్న నీరు ఆవిరితో కలిసి ముఖమునకెగయును. కావున ఇంజను ఆపి, అరగంటకు తక్కువకాకుండ వేచియుండవలెను. పై గొట్టము చేతికి చల్లగా తగిలిన పిదపనే మూత ముట్టవలెను. కాలుచున్న ఇంజనులో చన్నీరు ఒక్కమారుగా పోయరాదు. ఇనుప బ్లాకు బీటవారు ప్రమాదము కలదు.

మా జీపు 1970వ దశకమునాటి పెట్రోలు బండి. రెండవ ప్రపంచయుద్ధకాలపు విల్లీస్ జీపుల సంతతిది. నాలుగు సిలిండర్లు, సుమారు 2.2 లీటర్ల ఇంజను, నాలుగు చక్రములకును శక్తి అందించు ఏర్పాటు. ఇల్లు చేరిన పిదప మిత్రులు తలకొక సలహా యిచ్చిరి. పెద్ద రేడియేటరు వేయుమని ఒకరు, థర్మోస్టాటు తీసివేయుమని ఒకరు, కరెంటు పంకా బిగించుమని మరియొకరు. మేము పంకా కొంటిమి. నెల తిరుగకముందే బండి మరల మరిగినది. పైగా బ్యాటరీయు చచ్చినది. పాతకాలపు డైనమో ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు కరెంటు చాలినంత ఇయ్యజాలదు. ఆ స్వల్పమును కూడ పంకాయే త్రాగివేసినది.

చివరకు ఒక వృద్ధ మేస్త్రి యొద్దకు పోయితిమి. ఆయన బండి చుట్టు ఒకసారి తిరిగి చూచి, నవ్వి, "బాబుగారూ, జ్వరమొచ్చినవాడికి విసనకర్ర కొన్నారు గానీ, జ్వరమెందుకొచ్చిందో చూశారా?" అనెను. ఆ ఒక్క మాట మాకు పంకా ఖరీదుకంటె ఎక్కువ విలువైనది.

పెట్రోలు మండగా పుట్టిన వేడిలో చక్రములకందునది కొంతభాగమే. ఇంచుమించు మూడవవంతు పొగగొట్టముగుండ పోవును. మరియొక మూడవవంతును నీరు మోసికొనిపోయి, రేడియేటరులో గాలికి అప్పగింపవలెను. పంపు నీటిని త్రిప్పును. బెల్టు పంపును, దాని ఇరుసుపైనున్న పంకాను త్రిప్పును. థర్మోస్టాటు నీటికి ద్వారపాలకుడు. మూత ఒత్తిడిని కాపాడును. ఇది గొలుసు వంటిది. ఒక్క లంకె తెగినను మిగిలినవి ఎంత గొప్పవైనను ఫలము లేదు.

మేస్త్రి ఒక్కొక్క లంకెను పరీక్షించెను. రేడియేటరు రేకుల సందులలో బురదయు, పురుగులును గట్టిపడి గాలిని అడ్డగించుచుండెను. పై తొట్టి అతుకు విప్పి చూడగా, ఇత్తడి గొట్టములలో పెక్కు సున్నపు పెచ్చులతో పూడియుండెను. ఏండ్ల తరబడి మేము బావినీరు పోసిన పాపమది. క్రింది రబ్బరు గొట్టము మెత్తబడి, ఇంజను వేగమందుకొన్నప్పుడెల్ల పంపు పీల్పునకు చప్పిడియగుచుండెను. మూతలోని స్ప్రింగు సడలిపోయెను. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తుననున్న అరకు ప్రాంతమున, ఒత్తిడి లేని నీరు 97 డిగ్రీలకే మరుగును. ఘాటుపై మా కష్టమునకు ఇదియు ఒక కారణము.

థర్మోస్టాటును మునుపెవరో తీసి పారవేసిరి. ఇది మనవారిలో ప్రబలిన అలవాటు. అది చక్కగానున్నచో సుమారు 82 డిగ్రీల యొద్ద తెరచుకొనుట నారంభించి, ఆపై నీటికి దారి యిచ్చును. దానిని తీసివేసినంతమాత్రమున పూడిన గొట్టములు తెరచుకొనవు. మైదానమున ఇంజను చాలినంత వేడెక్కక పెట్రోలు ఎక్కువ త్రాగును. సిలిండర్లు త్వరగా అరుగును.

మేస్త్రి గొట్టములలో సన్నని కడ్డీలు దూర్చి శుభ్రపరచి, తొట్టిని మరల అతికెను. గొట్టములు, బెల్టు, మూత, థర్మోస్టాటు క్రొత్తవి వేసెను. బెల్టును మధ్యన బొటనవ్రేలితో నొక్కిన అర అంగుళము మొదలు అంగుళము వరకు లొంగవలెనని చూపెను. స్పార్కు వెనుకబడినచో కూడ ఇంజను వేడెక్కునని చెప్పి, టైమింగు సరిచేసెను. రేడియేటరులో బుడగలు లేవనియు, ఆయిలు పాలవలె మారలేదనియు చూచి, హెడ్డు గాస్కెట్టు క్షేమమనెను.

ఇంతయు ముగిసిన పిదపనే మెరుగుల మాట. పంకా చుట్టు రేకు కవచము అమర్చినచో గాలి ప్రక్కలకు చెదరక రేడియేటరుగుండ వచ్చును. పొంగిన నీరు నేలపాలు కాకుండ ఒక సీసా బిగించుట మంచిది. వీలైనచో గొట్టముల వరుస ఒకటి ఎక్కువగల రేడియేటరు వేయించవచ్చును. కరెంటు పంకా కావలెనన్నచో ముందుగా డైనమో స్థానమున ఆల్టర్నేటరు రావలెను. చదరపు అంగుళమునకు 7 పౌన్ల మూత సముద్రతీరమున నీటి మరుగు స్థానమును సుమారు 111 డిగ్రీలకు పెంచును. ఇంకను బలమైన మూత వేసిన ముసలి రేడియేటరు అతుకులు విడిపోవును, ఆశకు మితముండవలెను.

బావినీటికి మారుగా, శుద్ధజలములో సగపాలు కూలెంటు కలిపితిమి. మంచు కురియని మనకు దీని ముఖ్యప్రయోజనము తుప్పును నివారించుట. కాని ఇందలి గ్లైకాల్ తీయగానుండు విషము. పిల్లలకును, కుక్కలకును, పశువులకును అందనిచోట ఉంచవలెను. ఒలికినచో వెంటనే కడుగవలెను.

జీపు నడుపువారికి మరియొక మాట. కొండదారిలో బరువు ఎక్కువ, వేగము తక్కువ; ఎదురుగాలి సాయము ఉండదు. పెద్ద గేరులో ఈడ్చక, చిన్న గేరులో ఇంజనును చురుకుగా తిరుగనిచ్చినచో పంపును, పంకాయును వేగముగా పనిచేయును. అందము కొరకు ముందు బిగించు దీపములు రేడియేటరునకు గాలి రాకుండ కప్పరాదు.

మరుసటి వేసవిలో అదే మార్గమున, అదే ఎండలో పోయితిమి. మీటరు ముల్లు కదలక నిలిచెను. అనంతగిరి కాఫీ తోటల నీడ చేరగానే మా తల్లిగారు, "ఇవాళ బండి బుసకొట్టలేదేమిరా?" అనిరి. పెద్దవాడు నవ్వెను. ప్రయాణపు ఉదయమున, ఇంజను చల్లగానున్నప్పుడు మూత తీసి నీరు చూచుట ఇప్పుడు వాని పని. ఆ పని వాడు ఎన్నడును మరువడు.