నోట్సు చదివిన మనిషి

ప్రియమైన యువ వైద్యులారా, వెనక వరసల్లో కళ్లు తుడుచుకుంటున్న తల్లిదండ్రులారా,

నేను సంతాన సాఫల్య వైద్యురాలిని. ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, గైనకాలజీలో ఎమ్మెస్ మూడేళ్లు, ఆపైన ఐవీఎఫ్ శిక్షణ. స్కాన్‌లో చూస్తూ సూదితో అండాలు తీయడం అక్కడ నేర్పారు. పిండాన్ని గర్భసంచిలో పెట్టిన రెండు వారాలకు చేసే రక్తపరీక్షలో గర్భం నిలవలేదని తేలితే, ఆ మాట ఎలా చెప్పాలో ఎవరూ నేర్పలేదు. మొదట్లో నర్సు చేత ఫోన్ చేయించేదాన్ని. తప్పు చేశాను. పెళ్లికెళ్లినా పేరంటానికెళ్లినా 'ఏమైనా విశేషమా?' అన్న ప్రశ్నకు తల వంచుకుని వచ్చిన మనిషి ఆ పేషెంటు. ఆ కబురు నా నోటితో నేనే చెప్పాలి. ఇప్పుడు చెబుతున్నాను.

ఈ రంగంలోకి వచ్చే ప్రతివారికీ డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ గురించి చెబుతాను. 1978 జూలై 25న ఇంగ్లండులో ప్రపంచపు తొలి ఐవీఎఫ్ శిశువు లూయీ బ్రౌన్ పుట్టింది. సరిగ్గా పది వారాలకు, అక్టోబర్ 3న, కలకత్తాలో డాక్టర్ సుభాష్ కృషితో దుర్గ కూడా అలాగే పుట్టింది. ఇంగ్లండు వైద్యులు సహజంగా పెరిగిన ఒక్క అండాన్ని లాపరోస్కోపుతో తీశారు. ఈయన హార్మోన్లిచ్చి ఎక్కువ అండాలు పెంచారు, యోని మార్గం నుంచి తీశారు, పిండాన్ని గడ్డకట్టించి తర్వాతి నెలసరి చక్రంలో గర్భంలో పెట్టారు. ఈ రోజు మేం నిత్యం చేసే పనులే ఇవి! ప్రభుత్వం వేసిన కమిటీ నమ్మలేదు. విదేశీ సదస్సుకు వెళ్లనివ్వలేదు. చివరికి కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. 1981 జూన్ 19న ఆయన తన ప్రాణం తానే తీసుకున్నారు. ఇన్నేళ్లయినా ఈ తేదీ దగ్గర నా గొంతు పట్టేస్తుంది.

1986లో బొంబాయిలో ఐవీఎఫ్‌తో హర్ష పుట్టినప్పుడు దేశంలో తొలి ఘనత డాక్టర్ టి.సి. ఆనంద్‌కుమార్ బృందానికి దక్కింది. 1997లో ఆయన సుభాష్ రాసిపెట్టుకున్న నోట్సు చదివారు. చదివి, తొలి ఘనత నాది కాదు, ఆయనదని పత్రికలో రాశారు. తనకున్న కిరీటాన్ని తానే తీసి మరొకరి తలపై పెట్టడానికి ఎంత గుండె కావాలి!

నేనూ నోట్సు దాచిపెడతాను. నా అల్మరాలో ఒక అరంతా గర్భం నిలవని ఫైళ్లే. ఏ మందు ఎంత ఇచ్చానో, ఎక్కడ తొందరపడ్డానో అన్నీ రాసి ఉన్నాయి. ఏటా కొత్తగా చేరిన డాక్టర్లతో కూర్చుని వాటిని మళ్లీ చదువుతాం. మీలో ఈ దారిన వచ్చేవారికీ నా పక్కన ఒక కుర్చీ ఉంటుంది.