మన రిజిస్టరుకు మనమే కాపలా
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



రెండేళ్ల కిందట కూతురి కాలేజీ ఫీజు కోసం ఒక తల్లి మన ఆఫీసుకు వచ్చారు. దరఖాస్తు నింపాక మెల్లగా, "భాయ్, నా పేరు బయటికి రాదు కదా?" అని అడిగారు. "రాదు ఆపా, ఆ పూచీ మాది" అన్నాను.

ఆ మాట నిలబెట్టుకునే ఏర్పాటు మన దగ్గర లేదని నెల తిరక్కుండానే తెలిసింది. ఇంటి నుంచి లెక్కలు చూసుకోవచ్చని ఆఫీసు కంప్యూటరును రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతిలో నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టింది నేనే. ఒకరోజు దాని లాగ్ తీసి చూస్తే, ఎవరో రాత్రంతా పాస్‌వర్డులు మార్చి మార్చి ప్రయత్నించిన గుర్తులు వందల్లో ఉన్నాయి. ఎవరూ లోపలికి రాలేకపోయారు. అది అల్లాహ్ దయే తప్ప నా జాగ్రత్త కాదు. సాయం పొందినవారి పేర్లు, చిరునామాలు, బ్యాంకు ఖాతాలు అన్నీ అందులోనే ఉన్నాయి. అవి మన దగ్గర అమానత్.

అదే రోజు ఆ దారి మూసేశాను. తర్వాత సొంత వీపీఎన్ పెట్టుకున్నాం. వీపీఎన్ అంటే బయట ఉన్న మీ ఫోనుకూ మన ఆఫీసు నెట్‌వర్కుకూ మధ్య వేసుకున్న రహస్య మార్గం. అందులో వెళ్లే సమాచారం సంకేత రూపంలో ఉంటుంది కాబట్టి మధ్యలో పట్టుకున్నా చదవలేరు. డబ్బు తీసుకుని వీపీఎన్ ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. అక్కడ మన సమాచారం వాళ్ల కంప్యూటరు గుండా పోతుంది. సొంతదైతే ఆ మార్గం మన బీరువా పక్కనే ముగుస్తుంది.

దీనికి పెద్ద యంత్రం అక్కర్లేదు. 2012లో బ్రిటన్‌లో మొదలైన రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు చాలు. ఏటీఎం కార్డంత ఉంటుంది. రాత్రీ పగలూ నడిచినా చిన్న ఎల్ఈడీ బల్బు పాటి కరెంటే తీసుకుంటుంది. అందులో వైర్‌గార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేశాం. 2020 నుంచి ఇది లినక్స్‌లోనే భాగం. దీనికి పాస్‌వర్డు ఉండదు, తాళంచెవులుంటాయి. ప్రతి ఫోనుకూ ఒక జత. అందులో ఒకటి ఆ ఫోను దాటి పోదు, రెండోది మన పెట్టెకు చెబుతాం. తెలియని తాళంతో ఎవరైనా తలుపు తడితే వైర్‌గార్డ్ జవాబే ఇవ్వదు. అక్కడ తలుపు ఉందన్న సంగతి కూడా వాళ్లకు తెలియదు.

పని క్రమం ఇది. పెట్టెను కేబుల్‌తో రూటర్‌కు కలిపి, దానికి మారని లోపలి చిరునామా ఇవ్వాలి. వైర్‌గార్డ్ వేసి, తాళాలు తయారుచేసి, రూటర్‌లో యూడీపీ 51820 అనే ఒక్క పోర్టును ఆ పెట్టెకు మళ్లించాలి. ఫోనులో వైర్‌గార్డ్ యాప్ తెరిచి క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు.

మేం రెండుచోట్ల చిక్కుకున్నాం. చాలా ఫైబర్ కనెక్షన్లలో ఒకే బయటి చిరునామాను ఎంతోమందికి పంచుతారు. అప్పుడు పోర్టు మళ్లించినా ఫలితం ఉండదు. స్టాటిక్ ఐపీ కావాలని కనెక్షన్ ఇచ్చినవారిని అడిగి తీసుకోవాలి. రెండోది, ఆఫీసులోనూ ఇంట్లోనూ 192.168.1 తో మొదలయ్యే చిరునామాలే ఉంటే ఫోను ఎటు పోవాలో తేల్చుకోలేదు. ఆఫీసు వరుసను మార్చేశాం.

మొన్న మన వాలంటీరు ఒకరు బస్సులో ఫోను పోగొట్టుకున్నారు. కబురు చెప్పిన ఐదు నిమిషాల్లో ఆ ఒక్క ఫోను తాళాన్ని జాబితా నుంచి తీసేశాం. మిగతావారి పని ఆగలేదు. అందుకే ఒక తాళాన్ని ఇద్దరు వాడకూడదని నియమం పెట్టుకున్నాం.

ఇది అన్నిటికీ మందు కాదని కూడా చెప్పాలి. ఫోనుకు స్క్రీన్ లాక్ లేకపోతే దొరికినవాడి చేతికి దారి కూడా దొరికినట్టే. లోపలికి వచ్చినవాడు జాబితాను ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే ఏ వీపీఎన్ ఆపలేదు. కరెంటు హఠాత్తుగా పోతే మెమరీ కార్డు పాడవుతుంది కాబట్టి చిన్న యూపీఎస్, వేరేచోట ఒక బ్యాకప్ తప్పనిసరి. నెలకోసారి అప్‌డేట్లు వేయాలి, తాళాల జాబితా చూడాలి. ఆ పనికి ఒకరి పేరు రాసి పెట్టాలి. అందరి పని అంటే ఎవరి పనీ కాదు.

ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. ఆమె పేరు ఈ సభలో ఎందరికి తెలుసో నాకు తెలియదు. తెలియకూడదనే ఈ ప్రయాసంతా. మీ మీ సంఘాల్లో కంప్యూటరు చూసుకునే పిల్లలుంటే నా దగ్గరికి పంపండి, కూర్చోబెట్టి నేర్పిస్తాను. ఒక్క సాయంత్రం చాలు.