చేతికి వచ్చే కోడి

(మహాసభల్లో తోటపని గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)

 

అమెరికాలో మన పెరళ్ళలో గోంగూర, కరివేపాకు ఏనాడో కుదురుకున్నాయి. ఇప్పుడు నాలుగు కోళ్ళు కూడా పెంచుకుందామనుకునేవారు చాలామంది కనిపిస్తున్నారు. పైకి గుడ్ల కోసమంటాం గానీ, అసలు ముచ్చట పిల్లలది. కోడిని ఎత్తుకోవాలి, ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. అందుకే ఈ రోజు గుడ్ల లెక్కలు పక్కనపెట్టి, పట్టుకుంటే బెదరని కోడిని ఎలా ఎంచుకోవాలో, ఎలా మచ్చిక చేసుకోవాలో మాత్రమే చెబుతాను.

ముందు మీ ఊరి నిబంధనలు, హెచ్.ఓ.ఏ. కాగితాలు చూసుకోండి. చాలా ఊళ్ళలో పెట్టలకే అనుమతి, పుంజులు కూడదు. తన కోడీ కుంపటీ లేకపోతే తెల్లవారదనుకున్న మన సామెతలోని అవ్వకు ఇక్కడ కష్టమే!

ఇక జాతి సంగతి. తెల్ల లెగ్‌హార్న్ గుడ్లు దండిగా పెడుతుంది, కానీ బెదురు ఎక్కువ. పిల్లలున్న ఇంటికి బఫ్ ఆర్పింగ్‌టన్, కొచ్చిన్, బ్రహ్మ, సిల్కీ జాతులు మేలు. బ్రహ్మ పేరు మన బ్రహ్మపుత్ర నుంచి వచ్చిందే. కాళ్ళమీద కూడా ఈకలుండే పెద్ద కోడి, నిదానమైనది. సిల్కీ చిన్నది, మెత్తనిది. దాని ఈకలు నీటిని ఆపవు కనుక వానలో తడవనివ్వకూడదు.

స్వీడన్‌లోని లింషోపింగ్ విశ్వవిద్యాలయంలో అడవికోళ్ళ మీద ఒక ప్రయోగం చేశారు. మనిషిని చూసి తక్కువ బెదిరేవాటినే తరం తరం ఎంచి జతకట్టిస్తే, కొద్ది తరాల్లోనే ఆ బెరుకు బాగా తగ్గింది. అంటే సాధుగుణం కొంత పుట్టుకతో వచ్చేదే. అయితే ఒకే జాతిలో కూడా పిల్లకీ పిల్లకీ తేడా ఉంటుంది. కొనేటప్పుడు పెట్టెలో చెయ్యి ఆనించి కాసేపు కదలకుండా ఉంచండి. దగ్గరికొచ్చి ముక్కుతో పొడిచి చూసే పిల్లను తీసుకోండి. మూల నక్కి తూగే పిల్ల సాధువు అనుకోకండి, జబ్బుతో ఉండవచ్చు.

మిగతాది మన పెంపకంలో ఉంది. కోస్తా జిల్లాల్లో పందెం కోళ్ళుగా పెంచే అసీల్ పుంజునే చూడండి. ఇంకో పుంజు ఎదురైతే ప్రాణాలకు తెగిస్తుంది, పెంచినవాడి చంకలో మాత్రం కిమ్మనకుండా కూర్చుంటుంది. జాతి గుణానికి రోజూ చేత్తో తినిపించి, ఒళ్ళు నిమిరిన అలవాటు తోడైంది. పందేలు అక్కడా ఇక్కడా చట్టవిరుద్ధమే, ఆ క్రూరత్వం మనకొద్దు. ఆ ఓర్పు మాత్రం నేర్చుకుందాం.

పిల్లలు వచ్చిన మొదటి వారం నుంచే రోజుకు రెండు మూడుసార్లు, అయిదేసి నిమిషాలు కేటాయించండి. చెయ్యి పైనుంచి దింపకండి. పైనుంచి వచ్చేది కోడి లెక్కలో గద్దే. నేలమీద కూర్చుని, అరచేతిలో దాణా పెట్టి, ఒకే పిలుపుతో పిలవండి. తరమవద్దు. చేతిలో తినడం అలవాటయ్యాక రెండు చేతులతో రెక్కలు కదలకుండా పట్టి, కాళ్ళకింద ఆధారమిచ్చి ఎత్తండి. గింజుకుంటున్నప్పుడు వదలకుండా, కుదుటపడ్డాక నెమ్మదిగా దింపండి. పెద్ద కోళ్ళయితే చీకటిపడి దండెం ఎక్కాక పట్టుకోవడం సులువు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కదలకపోవడం మచ్చిక కాదు. వెల్లకిలా పడుకోబెడితే కోడి బిగుసుకుపోతుంది. కాళ్ళు పట్టి తలకిందులుగా మోసుకెళితే కాసేపటికి అరుపు మానుతుంది. అది శాంతం కాదు, ప్రాణభయం. కోడిని కిందికి దింపాక చూడండి. పారిపోతే ఓర్చుకుందని, మీ దగ్గరే గీరుకుంటూ తిరిగితే నమ్మిందని అర్థం. పిల్లలకు నేర్పాల్సింది ఈ తేడానే. నోరులేని జీవి ఇష్టాన్ని కనిపెట్టడం నేర్చుకున్న పిల్లవాడికి మనుషులతో మెలగడమూ తెలుస్తుంది.

జాగ్రత్తలు మరువకండి. ఆరోగ్యంగా కనిపించే కోడి నుంచి కూడా సాల్మొనెల్లా అంటుకోవచ్చు. అయిదేళ్ళలోపు పిల్లలు కోళ్ళను ముట్టుకోకూడదని సి.డి.సి. సలహా. వాళ్ళను దూరం నుంచే చూడనివ్వండి. మిగతావారు ముద్దులు పెట్టకుండా, పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. 2022 నుంచి అమెరికాలో బర్డ్ ఫ్లూ పెరటి కోళ్ళకూ సోకుతోంది కనుక, దాణా నీళ్ళు అడవి పక్షులకు అందకుండా చూడండి.

చివరిగా, పెట్టకు రెండు మూడేళ్ళు దాటాక గుడ్లు తగ్గుతాయి, ఆయువు మాత్రం ఏడెనిమిదేళ్ళు కూడా ఉంటుంది. ఒళ్ళో పెరిగిన కోడి రేపు కూరవుతుందా, ముసలితనం దాకా ఇంట్లోనే ఉంటుందా అన్నది పేరు పెట్టకముందే ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోండి. పిల్లలకు ఇచ్చిన మాట తప్పకండి.