చివరిసారి ఎప్పుడు తాగారు?



ఈ రోజు డాక్టరు పట్టా అందుకుంటున్న మీరు రేపట్నుంచి వార్డుల్లో తప్పకుండా చూసే మనిషి గురించి చెబుతాను. కాలు విరిగి ఆర్థో వార్డులో చేరతాడు. మూడో రాత్రి ఒళ్లంతా చెమటలు, చేతుల వణుకు. దుప్పటి మీద లేని పురుగుల్ని ఏరుతుంటాడు. ఇంటివాళ్లు గాలి సోకిందంటారు. రోజూ తాగే శరీరానికి మందు ఒక్కసారిగా ఆగిపోయింది, అదీ సంగతి. పట్టించుకోకపోతే ప్రాణమే పోవచ్చు. చేరిన రోజే "చివరిసారి ఎప్పుడు తాగారు? రోజుకు ఎంత?" అని అడిగి ఉంటే వణుకునూ ఫిట్స్‌నూ అడ్డుకునే మందులు, బి1 ఇంజెక్షన్లు ముందే పడేవి. కేస్ షీటులో ఆ వరుస ఖాళీగా వదలకండి. భార్యాబిడ్డల ఎదుట నిలదీసినట్టు అడిగితే నిజం రాదు. పక్కన కూర్చుని, బీపీ అడిగినంత మామూలుగా అడగండి. ఆడవాళ్లనూ అడగండి.

తాగితే లివర్ పాడవుతుందని అందరికీ తెలుసు. కొవ్వు పట్టిన దశలో మానేస్తే అది చాలావరకు కోలుకుంటుందని చెప్పేవాళ్లు తక్కువ. ఆ కబురు మీరు చెప్పాలి. నోరు, గొంతు, అన్నవాహిక, పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లకు మద్యం ఒక కారణం. మద్యం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. బీరైనా వైన్ అయినా లోపలున్నది అదే ఆల్కహాల్.

మద్యంపై పోరు ఆసుపత్రి బయటా జరిగింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం వచ్చింది. వాళ్ల తెగువకు చేతులెత్తి మొక్కుతాను. అయితే దుకాణం మూసినా, అలవాటు పడ్డ ఒంటికి వైద్యం కావాలి. అది మన పని.

"ఎక్కడికెళ్లాలి సార్?" అంటే తడుముకోకండి. డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446. మనసు కుంగితే టెలి-మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు ఫీజు లేదు. రోజూ తాగేవాళ్లను మాత్రం ఇంట్లో ఒక్కసారిగా మానమని పంపేయకండి.

మీలో ఎవరికైనా ఈ అవసరం రావచ్చు. నైట్ డ్యూటీల అలసట, పీజీ సీటు దిగులు నాకు తెలియనివి కావు. తోటి డాక్టరు నోరు తెరిచి సాయం అడిగితే డ్యూటీ రూములో నవ్వులాట చేయకండి. ఆ రాత్రి డ్యూటీ మీరు చూసుకుని, పొద్దున్నే సైకియాట్రీ ఓపీకి తోడు వెళ్లండి.