పదిహేనేళ్లు కొట్టంలో ఉన్న యెజ్డీ మళ్లీ రోడ్డెక్కింది

ఈ రోజు ఎపిసోడ్‌లో కొత్త బైకు రివ్యూ లేదు, మైలేజ్ టెస్టు లేదు. మైదుకూరు దగ్గర మా మామ వాళ్ల పశువుల కొట్టంలో పదిహేనేళ్లు పడున్న మా నాయన యెజ్డీ గురించి చెప్తాను. దాన్ని మళ్లీ రోడ్డెక్కించడానికి నాకు పది నెలలు పట్టింది. ఏ తప్పులు చేసినానో, స్పేర్లు యాడ దొరికినాయో, కాగితాల సంగతేందో అన్నీ చెప్తా. మీ ఇంట్లో కూడా గోనెపట్ట కప్పిన బండి ఒకటి ఉంటే చివరిదాకా వినండి.

ముందు బండి గురించి రెండు మాటలు. జావా అనేది చెకోస్లొవేకియా కంపెనీ. 1960లో మైసూరులో ఐడియల్ జావా అని ఫ్యాక్టరీ పెట్టి ఇక్కడే తయారు చేసినారు. తర్వాత 1970లలో పేరు యెజ్డీ అయింది. 250 సీసీ, టూ స్ట్రోక్, రెండు సైలెన్సర్లు. ఎడమ పక్క ఒకటే లివర్ ఉంటుంది. దాన్ని లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, మళ్లీ ముందుకు పడేస్తే గేరు. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. 2022లో యెజ్డీ పేరుతో మళ్లీ బండ్లు వచ్చినాయి కదా, ఆ షోరూంలో స్పేర్లు దొరకవా అని చాలామంది అడుగుతారు. దొరకవు. అది ఫోర్ స్ట్రోక్, ఇంజినే వేరే. పేరొక్కటే ఒకటి.

ఇప్పుడు అసలు కథ. 2009 అక్టోబర్ 2. కర్నూలు వాళ్లకు ఈ తేదీ చెప్తే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికి వచ్చినాయి. కింద శ్రీశైలం నిండిపోయి ఉంది, నీళ్లు పోయే దారి లేదు. మా ఇల్లు పాతబస్తీలో. మేం మేడ మీదికి ఎక్కినాం. కింద వరండాలో ఉన్న యెజ్డీ మొత్తం మునిగిపోయింది. నీళ్లు తీసినాక చూస్తే హెడ్‌లైట్ డూమ్‌లో కూడా బురద.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. నాయన అంగడి కడుక్కోడానికి పోయినాడు. నేను ఒక్కన్నే ఉండి, బండి స్టార్ట్ చేసి నాయనను సర్‌ప్రైజ్ చేద్దామని కిక్కు కొట్టినా. పది పన్నెండు సార్లు కొట్టినా. చివరికి లోపల గరగరమని శబ్దం వచ్చి లివర్ బిగుసుకుపోయింది. భయమేసి ఎవరికీ చెప్పలేదు. ఆ మరుసటి సంవత్సరం బండిని ట్రాక్టర్‌లో వేసి మామ వాళ్ల ఊరికి పంపించేసినారు. బండి నా వల్లే పాడైందని పదిహేనేళ్లు నా మనసులో ఉండిపోయింది. బీటెక్ చదివినా, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినా, అది వదిలేసి ఈ వీడియోలు మొదలుపెట్టినా. ఊరికి పోయినప్పుడల్లా ఆ కొట్టం పక్కకు చూసేవాణ్ణి కాదు.

పోయిన జనవరిలో నాయనకు మోకాలి ఆపరేషన్ అయింది. మంచంలో పడుకొని ఒకరోజు, "ఆ యెజ్డీ ఉండాదా రా, మీ మామ అమ్మేసినాడా?" అన్నాడు. అంతే. మరుసటి వారం నేను మైదుకూరులో ఉన్నా.

సరే, టెక్నికల్ సంగతికి వద్దాం. ఎన్నో ఏళ్లు నిలబడిన బండికి మొదటి రూలు: కిక్కు కొట్టొద్దు. పాత సర్వర్‌ను బ్యాకప్ లేకుండా రీస్టార్ట్ చేయం కదా, ఇదీ అంతే. ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలో డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి రోజుల తరబడి వదిలేయాలి. మేం ఇరవై రోజులు వదిలినాం. పిస్టన్ కదల్లేదు. హెడ్ తీసి, మెత్తటి కట్టె ముక్క పెట్టి మెల్లగా తట్టినాక కదిలింది.

మన సీమలో ఒక లాభం, ఒక నష్టం ఉన్నాయి. గాలిలో తేమ తక్కువ కాబట్టి కోస్తాలో పట్టినంత తుప్పు ఇక్కడ పట్టదు. ఛాసిస్, మడ్‌గార్డులు బాగానే ఉన్నాయి. కానీ ఎండకు రబ్బరు బతకదు. టైర్లు, పైపులు, ఆయిల్ సీళ్లు అన్నీ కట్టెలాగా అయిపోయినాయి. టూ స్ట్రోక్‌కు క్రాంక్ సీళ్లు ప్రాణం. ఎందుకంటే పెట్రోలు, గాలి కలిసిన మిక్చర్ ముందు క్రాంక్‌కేస్‌లోకే వచ్చి, అక్కడ ఒత్తిడికి లోనై, తర్వాత పైకి పోతుంది. సీలు గట్టిపడి బయటి గాలి లోపలికి దూరితే పెట్రోలు పాలు తగ్గుతుంది, ఇంజిన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. పైకి స్టార్ట్ అయింది కదా అని సంబరపడి పోతే ఇరవై కిలోమీటర్లకే దారిలో నిలబడతారు. అందుకే ఇంజిన్ తెరవక తప్పదు.

కడపలో ఒక చాచా దొరికినాడు. అరవై దాటినాయి, చిన్నప్పటి నుంచి యెజ్డీల మీదే పని. క్రాంక్‌కేస్ విప్పితే లోపల ఒండ్రుమట్టి ఎండిపోయి గడ్డలుగా ఉంది. తుంగభద్ర మట్టి, పదిహేనేళ్ల పాతది! కనెక్టింగ్ రాడ్ బేరింగ్ తుప్పు పట్టి పొడి అయిపోయింది. సిలిండర్ లోపల నిలువుగా గీతలు. ఆ గీతలు చూసి నేను గొంతు పెగల్చుకొని అడిగినా, "చాచా, నీళ్లు తీసిన వెంటనే కిక్కు కొడితే ఇట్ల అవుతుందా?" అని. ఆయన గీతలు వేలితో తడిమి, "ఇవి కొట్టినందుకే అయినాయి. కానీ గీతలది ఏముంది, బోరింగ్ చేస్తే పోతాయి. బండిని చంపింది లోపల ఉండిపోయిన బురద బేటా. అప్పుడే విప్పి కడిగి ఉంటే ఇంత కాదు" అన్నాడు. సగం భారం దిగింది. సగం అట్లనే ఉంది.

ఇప్పుడు స్పేర్లు. మీకు బాగా పనికొచ్చే ముక్క ఇదే. నేను మొదట్లో ప్రతి అంగడికీ పోయి "యెజ్డీ బేరింగ్ ఉందా, యెజ్డీ సీలు ఉందా" అని అడిగినా. అందరూ నవ్వినారు. చాచా తిట్టినాడు, బండి పేరు ఎందుకు చెప్తావు, కొలత చెప్పు అని. నిజమే. బేరింగ్ మీద ఒక నంబరు చెక్కి ఉంటుంది. ఉదాహరణకు 6305 అని ఉంటే లోపలి వ్యాసం 25, బయటి వ్యాసం 62, వెడల్పు 17 మిల్లీమీటర్లు. ప్రపంచంలో ఏ కంపెనీ చేసినా అదే కొలత. ఆయిల్ సీలుకు కూడా అంతే, లోపలి కొలత, బయటి కొలత, మందం చాలు. మనం ప్రోగ్రామింగ్‌లో స్టాండర్డ్ ఇంటర్‌ఫేస్ అంటాం కదా, అదే ఇది.

ఈ విషయంలో రాయలసీమ అదృష్టం చేసుకుంది. ఇది బోరుబావుల దేశం. ప్రొద్దుటూరు, నంద్యాల, కడప ఏ టౌనుకు పోయినా మోటార్లకు, ట్రాక్టర్లకు బేరింగులు, సీళ్లు అమ్మే అంగళ్లు ఉంటాయి. బేతంచెర్లలో రాళ్ల పాలిష్ మిషన్లకు కూడా ఇవే కావాలి. నా బేరింగులన్నీ, మంచి కంపెనీవి, ప్రొద్దుటూరులో ఒక్క పూటలో దొరికినాయి. డైనమో కాయిల్ చుట్టింది బోరు మోటార్లు రీవైండింగ్ చేసే అన్న. బుష్‌లు లేత్ షాపులో తిప్పించినాం. యెజ్డీ అనే మాట ఎత్తకుండానే సగం బండి తయారైంది.

యెజ్డీకే ప్రత్యేకమైనవి, అంటే పిస్టన్, కనెక్టింగ్ రాడ్ కిట్, క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు, వీటికి బయటికి పోవాల్సిందే. బెంగళూరు జేసీ రోడ్డు, చెన్నై పుదుపేట. పాత విడిభాగాలు కావాలంటే పుదుపేటలో ఓపిగ్గా తిరగాలి. పాత పీసు చేతిలో పట్టుకొని పోండి. ఫోన్‌లో ఫోటో చాలదు, ఎందుకంటే ఒకే బండిలో మోడల్‌కు మోడల్‌కు చిన్న చిన్న తేడాలు ఉంటాయి.

నేను ఇక్కడే దెబ్బ తిన్నా. తిరగడానికి బద్ధకమై పిస్టన్ ఆన్‌లైన్‌లో తెప్పించినా. డబ్బా మెరిసిపోతోంది. సైజు కూడా సరిపోయింది. చాచా దాన్ని సిలిండర్‌లోకి వదిలి, పోర్టు రంధ్రంలోంచి టార్చి వేసి చూసి, బయటికి తీసి నా చేతిలో పెట్టినాడు. "ఇది వద్దు." విషయం ఏందంటే, టూ స్ట్రోక్ పిస్టన్‌లో రింగు తిరగకుండా చిన్న పిన్ను ఉంటుంది. రింగు రెండు కొసలు పోర్టు రంధ్రం మీదికి రాకూడదు. ఈ పిస్టన్‌లో ఆ పిన్ను తప్పు చోట ఉంది. కొస సరిగ్గా పోర్టు మీదికి వస్తోంది. బండి నడిస్తే కొస రంధ్రంలో తగులుకొని రింగు విరిగి, సిలిండర్ మళ్లీ పోతుంది. అమ్మినవాళ్లు వాపసు తీసుకోలేదు. పోనీలే, 1,900 రూపాయలకు ఒక పాఠం. కాబట్టి పిస్టన్ చేతికి వచ్చి, చెక్ చేసినాకే బోరింగ్‌కు ఇవ్వండి. ముందే బోరింగ్ చేయించేస్తే ఇరుక్కుంటారు.

ఇంకొన్ని గబగబా. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, 3224 అంటే 2024లో 32వ వారం తయారైందని. పాత స్టాకు అంటగడతారు, చూసుకోండి. ట్యాంకులో తుప్పుకు వెనిగర్ పోసి, నట్లు వేసి ఊపి, సోడా నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టినాం. ఇప్పుడు వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. అది పాత రబ్బరును తినేస్తుంది, తేమను పీల్చుకుంటుంది. పైపులు ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించండి, ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి ఉంచకండి. టూటీ ఆయిల్ మేం లీటరుకు 40 మిల్లీలీటర్లు కలుపుతున్నాం.

కాగితాల విషయంలో మాత్రం నేను రివర్స్‌లో చేసినా. మీరు ముందు కాగితాలు చూడండి, తర్వాత స్పానర్ పట్టుకోండి. సొంత బండికి ఆర్‌సీ పదిహేనేళ్లు, తర్వాత ఐదేళ్లకోసారి రిన్యూవల్. మా ఒరిజినల్ ఆర్‌సీ వరదలో పోయింది. అదృష్టం కొద్దీ పాత ఇన్సూరెన్స్ కవర్‌లో జిరాక్స్ దొరికింది. పోయిన ఆర్‌సీకి పోలీసుల దగ్గర సర్టిఫికెట్ తీసుకొని ఫారం 26, రిన్యూవల్‌కు ఫారం 25. పాత పుస్తకంలో ఉన్న రికార్డు కంప్యూటర్‌లోకి ఎక్కాలి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దిన అచ్చు కావాలి, అందుకే పెయింటర్ ఆ నంబరు మీద లప్పం పెట్టకుండా చూసుకోండి. 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్లు దాటిన మోటార్‌సైకిల్‌కు రిన్యూవల్ ఫీజు 2,000 రూపాయలు. ఆలస్యానికి అదనపు ఫీజు వేరే, అది ముందే లెక్క కట్టించుకోండి. బండి యజమాని చనిపోయి ఉంటే వారసుల పేరు మీదికి మార్చుకోడానికి ఫారం 31 ఉంది. ఆర్‌సీ, ఇన్సూరెన్స్ లేకుండా ట్రయల్ అని కూడా రోడ్డు మీదికి తీయకండి. నేను కడప నుంచి కర్నూలు ఆఫీసుకు బండిని లగేజీ ఆటోలోనే తెచ్చినా.

మొత్తం ఖర్చు, కాగితాలు కాకుండా, 43 వేలు దాటింది. అందులో క్రాంక్ పనికే ఏడున్నర వేలు. లాభమా అంటే కాదు. ఆ డబ్బుకు మంచి సెకండ్ హ్యాండ్ బండి వస్తుంది. లెక్క చూసుకునేవాళ్లు ఈ పని పెట్టుకోవద్దని నిజాయితీగా చెప్తున్నా.

నవంబర్‌లో ఒక ఆదివారం పొద్దున, ఇద్దరం హెల్మెట్లు పెట్టుకొని ఓర్వకల్లు రాళ్ల దాకా పోదామని బయలుదేరినాం. నాయనకు మోకాలు వంగదు, కిక్కు నేనే కొట్టాలి. లివర్ మీద కాలు పెట్టి ఆగిపోయినా. చేతులు చల్లబడినాయి. అప్పుడు చెప్పేసినా. "నాయనా, వరద అప్పుడు దీనికి కిక్కు కొట్టి పాడు చేసింది నేనే."

నాయన కాసేపు నన్ను చూసి నవ్వినాడు. "నీకంటే ముందు నేనే కొట్టినా లేరా. నీళ్లు తీసిన పొద్దున్నే, మీరు లేవకముందు. ఆశ కొద్దీ కొట్టినా." మరి ఎందుకు బాగు చేయించలేదంటే, "అంగట్లో సరుకంతా పోయింది. మీ ఫీజులు కట్టాల. బండికి యాడి నుంచి తెచ్చేది? అమ్మబుద్ధి కాలేదు, అంతే" అన్నాడు. ఇద్దరం ఒకే తప్పు చేసి, ఇన్నేళ్లూ ఎవరికి వాళ్లం లోపలే పెట్టుకున్నాం.

మూడో కిక్కుకు స్టార్ట్ అయింది. పొగ, ఆ డగ్ డగ్ శబ్దం. వీధిలో పెద్దాయనలు ఇద్దరు బయటికి వచ్చి నిలబడినారు. నంద్యాల రోడ్డు ఎక్కినాక నేను ప్రతి గేరుకూ క్లచ్ పట్టుకుంటుంటే, వెనక నుంచి నాయన భుజం మీద తట్టి, "క్లచ్ వదిలెయ్ రా, ఇది యెజ్డీ. లివర్ నొక్కు, అదే మారుతుంది" అన్నాడు. నిజంగానే మారింది. పది నెలలు ఈ బండి ప్రతి నట్టూ చూసినా, ఆ ముక్క నాకు తట్టలేదు.

మీ ఇంట్లో కూడా అట్లాంటి బండి ఉంటే, బాగు చేయించినా, చేయించకపోయినా, దాన్ని నడిపిన మనిషిని ఒకసారి పక్కన కూర్చోబెట్టుకొని అడగండి. స్పేర్లు ఎప్పుడైనా దొరుకుతాయి. సరే మరి, వచ్చే ఎపిసోడ్‌లో ఆ డైనమో రీవైండింగ్ ఎట్ల చేసినారో చూపిస్తా. ఉంటాను, నమస్తే.