భూకంపం వస్తే భూమిలో ఉన్న గ్యాస్ పైపు ఏమవుతుంది?



2024 డిసెంబర్ 4 గుర్తుందా? ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం. ఉదయం 7:27కి హైదరాబాద్‌లో కూడా చాలామందికి తెలిసింది. మాది నాలుగో ఫ్లోర్. ఫ్యాన్ ఊగుతుంటే నేను ఏం చేశానంటే, ఫోన్ తీసి ఇంకెవరికైనా తెలిసిందా అని వెతుకుతూ కూర్చున్నా. అమ్మ మాత్రం టీ గిన్నె కింద మంట ఆర్పేసి, "ఒరేయ్, ఈ పైపు గ్యాస్ మొత్తం ఆపేది ఎక్కడుందిరా?" అని అడిగింది. నాకు తెలీదు. బీటెక్ చదివా, ఆ ఇంట్లో మూడేళ్లుగా ఉంటున్నా, అయినా తెలీదు. తర్వాత వెతికితే మీటర్ పక్కనే ఉంది, వాషింగ్ మెషీన్ వెనకాల. చెయ్యి పట్టదు.

ఆ రోజు మా ఇంట్లో ఏమీ కాలేదు. కానీ అమ్మ ప్రశ్న బుర్రలో ఉండిపోయింది. ఇంట్లో పైపు సరే, మరి రోడ్డు కింద పాతిన పైపు సంగతేంటి?

దీనికి అమెరికాలో జరిగిన ఒక కథ చెప్తా. 1994 జనవరి 17, తెల్లవారుజామున 4:31. లాస్ ఏంజెలెస్ పక్కన నార్త్‌రిడ్జ్ భూకంపం, తీవ్రత 6.7. అక్కడ బాల్బోవా బులెవార్డ్ అనే రోడ్డు కింద 22 అంగుళాల గ్యాస్ పైపు పగిలింది. అదే రోడ్డు కింద మంచినీళ్ల పైపులూ పగిలాయి. రోడ్డంతా నీళ్లు, ఆ నీళ్లలోంచి బుడబుడమని గ్యాస్. ఒకాయన ట్రక్కు ఆ నీళ్లలో ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేద్దామని తాళం తిప్పాడు. అంతే, అంటుకుంది. ఆయనకి కాలిన గాయాలయ్యాయి, చుట్టుపక్కల 5 ఇళ్లు కాలిపోయాయి. కింద వరద, పైన మంట, రెండూ ఒకే వీధిలో.

ఇప్పుడు అసలు విషయం. అదే రోడ్డు కింద కొత్త రకం స్టీలు పైపులు కూడా ఉన్నాయి. అవి పగల్లేదు. పగిలింది 1930 నాటి పాత పైపు. భూమి ఒకటే, ఊపు ఒకటే. తేడా ఎక్కడొచ్చింది?

మనం అనుకునేదేంటి? భూమి ఊగుతుంది కాబట్టి పైపు విరుగుతుంది అని. కానీ బిల్డింగ్ లాగా పైపు గాల్లో నిలబడి లేదు కదా. చుట్టూ మట్టి పట్టుకుని ఉంది, మట్టితో పాటే కదులుతుంది. మంచి వెల్డింగ్ ఉన్న స్టీలు పైపు మామూలు ఊపుని తట్టుకుంటుంది. అసలు ప్రమాదం, ఊపు ఆగాక కూడా నేల పాత చోటికి రాకపోవడం. వైజాగ్ బీచ్‌లో తడి ఇసుక మీద నిలబడి కాళ్లు ఆడిస్తే ఏమవుతుంది? గట్టిగా ఉన్న ఇసుక కాస్తా జావలా అయ్యి కాళ్లు దిగిపోతాయి. నీరు పట్టిన వదులు నేలల్లో భూకంపం చేసేది కూడా అదే. నేల జారి పక్కకి పోతుంది. బాల్బోవాలో నేల అలా జరిగేసరికి పైపు ఒక చోట లాగుడుకి తెగింది, ఇంకో చోట నొక్కుడుకి నలిగింది.

లాగితే మంచి స్టీలు కొంత సాగుతుంది. నొక్కితే మాత్రం కూల్‌డ్రింక్ టిన్నులా మడత పడుతుంది. అందుకే భూమిలో చీలిక, అంటే ఫాల్ట్, దాటాల్సిన చోట ఇంజనీర్లు పైపు వేసే కోణాన్ని ముందే లెక్క వేస్తారు. నేల కదిలితే పైపు సాగాలి గానీ నలగకూడదు. గోతిని వెడల్పుగా, ఏటవాలు గోడలతో తవ్వి చుట్టూ వదులు ఇసుక నింపుతారు. గట్టిగా బిగించడం కాదు, జరగడానికి చోటివ్వడం. నాకు బాగా నచ్చింది ఇదే.

నార్త్‌రిడ్జ్‌కి సరిగ్గా ఏడాదికి, 1995 జనవరి 17న జపాన్‌లో కోబె భూకంపం. 8 లక్షల 57 వేల ఇళ్లకి గ్యాస్ ఆపేయాల్సి వచ్చింది. అందరికీ మళ్లీ ఇచ్చేసరికి దాదాపు 3 నెలలు. మర తిప్పి బిగించే జాయింట్లున్న పాత ఇనుప పైపులు బాగా దెబ్బతిన్నాయి. పాలిథిలిన్, అంటే సాగే ప్లాస్టిక్ పైపులు మాత్రం నిలబడ్డాయి. ఇప్పుడు అక్కడ ఇంటింటి మీటర్ పెద్ద ఊపు రాగానే దానంతట అదే గ్యాస్ ఆపేస్తుంది. ఒక్క టోక్యోలోనే గ్యాస్ నెట్‌వర్క్‌లో దాదాపు 4000 సెన్సర్లు పెట్టారు.

మరి మనకి? మన వీధుల్లో తవ్వినప్పుడు పసుపు రంగు ప్లాస్టిక్ పైపు చుట్టలు చూసే ఉంటారు. అవి ఆ సాగే రకమే. కాబట్టి వీధి పైపు గురించి నాకు మరీ భయం లేదు (నిజం చెప్పాలంటే దానికి భూకంపం కన్నా జేసీబీతోనే ఎక్కువ ప్రమాదం). నా అనుమానమల్లా గోడ మీద పాకే ఇనుప పైపు మీద. దానికి మర జాయింట్లు ఉంటాయి. చివర్లో స్టవ్‌కి రబ్బరు గొట్టం. అది ఎప్పుడు మార్చారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

ఊపు వస్తే మంట ఆర్పండి. ఆగాక వాసన చూడండి. వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు, వెయ్యొద్దు, ఆపొద్దు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ అసలే వద్దు. కిటికీలు తీసి, వాల్వ్ ఆపి, బయటికొచ్చాకే ఫోన్. మళ్లీ వాల్వ్ తెరిచే పని గ్యాస్ వాళ్లకి వదిలేయండి. వాసన లేకపోతే ఊరికే కంగారుపడి మెయిన్ ఆపక్కర్లేదు. నార్త్‌రిడ్జ్‌లో దాదాపు లక్షన్నర కనెక్షన్లకి గ్యాస్ ఆగింది, వాటిలో ఎక్కువ భాగం జనం తమంతట తామే ఆపుకున్నవి. సిబ్బంది ఒక్కో ఇంటికీ వెళ్లి చెక్ చేసి తెరవాల్సి వచ్చింది.

మీ ఇంట్లో వాల్వ్ ఎక్కడుందో ఇప్పుడే వెళ్లి చూసి కామెంట్ పెట్టండి. మేమైతే వాషింగ్ మెషీన్‌ని ఇంకో మూలకి జరిపాం. అమ్మకి ఆ మూల నచ్చలేదు, అది వేరే గొడవ. ఉంటాను మరి, బై.