కొలతకు నిలిచిన లెక్క

ఇవాళ ఇంజనీరింగ్ పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు.

మీలో చాలామంది ప్రాజెక్టుల్లో సీఎఫ్‌డీ, అంటే ప్రవాహాలను కంప్యూటర్‌తో లెక్కించడం, చేసినవారే. మెష్ వేసి, బౌండరీ కండిషన్లు ఇచ్చి, రెసిడ్యువల్స్ దిగాక రంగుల కాంటూర్లు రిపోర్టులో పెట్టారు. ఆ బొమ్మను నమ్మి ఒక విమానం రెక్క తయారుచేయవచ్చా? మీ వృత్తి జీవితమంతా మీ ముందుండే ప్రశ్న ఇదే.

ఆ ప్రశ్నను నిజాయితీగా ఎదుర్కొన్న ఒకరి గురించి చెబుతాను. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్స్‌లో అంబులెన్స్ నడుపుతూనే, గాలి కదలికల సమీకరణాలను చేత్తో లెక్కగట్టాడు. ఆ లెక్క ప్రకారం, అప్పటికే గడిచిపోయిన 1910 మే 20న మ్యూనిక్ ప్రాంతంలో 6 గంటల్లో వాయుపీడనం 145 మిల్లీబార్లు పెరగాలని తేలింది. నిజానికి ఆరోజు పీడనం దాదాపు కదలనే లేదు. అయినా 1922లో తన పుస్తకంలో ఆ లెక్కను, తప్పిన ఫలితంతో సహా అచ్చువేశాడు. లోపం మొదట తీసుకున్న గాలి విలువల్లో ఉందని కూడా రాశాడు. దశాబ్దాల తర్వాత వాతావరణ శాస్త్రవేత్త పీటర్ లించ్ ఆ లెక్కనే తిరిగి చేసి, ప్రారంభ విలువలను సమతుల్యం చేస్తే నమ్మదగిన జవాబు వస్తుందని నిరూపించాడు. రిచర్డ్‌సన్ దాచేసి ఉంటే ఈ దిద్దుబాటుకు ఆధారమే మిగిలేది కాదు.

గడులను చిన్నవి చేస్తూ మళ్లీ మళ్లీ లెక్కించి, జవాబు ఎక్కడ స్థిరపడుతుందో అంచనా వేసే పద్ధతి కూడా ఆయనదే. రాతి ఆనకట్టలోని ఒత్తిళ్ల మీద 1911లో వచ్చిన వ్యాసంలో దాన్ని వివరించాడు. నేటి మెష్ పరీక్షకు అదే పునాది.

అయితే మెష్ పరీక్ష నెగ్గినంత మాత్రాన పని అయిపోదు. ఎంచుకున్న టర్బులెన్స్ మోడల్ ఆ ప్రవాహానికి పనికిరాకపోతే, ఎంత సన్నని మెష్ వేసినా తప్పు జవాబే మరింత కచ్చితంగా వస్తుంది. 2001లో అమెరికాలో జరిగిన మొదటి డ్రాగ్ ప్రిడిక్షన్ (గాలి నిరోధం అంచనా) వర్క్‌షాప్‌లో అనేక బృందాలు డీఎల్‌ఆర్-ఎఫ్4 అనే ఒకే విమాన నమూనాను లెక్కించాయి. అంతకుముందే దాన్ని యూరప్‌లోని 3 విండ్ టన్నెళ్లలో పరీక్షించి ఉన్నారు. ఆ కొలతల మధ్య తేడా కన్నా లెక్కల మధ్య తేడా చాలా ఎక్కువగా తేలింది. ఆ తేడాలను బాహాటంగా చర్చించుకున్నారు కాబట్టే తర్వాతి వర్క్‌షాపుల్లో పని ముందుకు సాగింది.

మిత్రులారా, రేపు మీ మీద గడువు ఒత్తిడి ఉంటుంది. అప్పుడు కూడా మెష్ పరీక్ష మానకండి. ప్రతి అంకె పక్కన దాని అనిశ్చితి రాయండి. కొలత ఉంటే పక్కన పెట్టండి, లేకపోతే లేదని స్పష్టంగా చెప్పండి. మీ సంతకం కింద ఉన్న అంకెను నమ్మి ఎవరో విమానం ఎక్కుతారు. ఆ నమ్మకానికి తగిన ఇంజనీర్లు కండి.